అమ్మాయి కాంపౌండ్ విల్లు విరిగింది, దుకాణం వారు వారంటీ వర్తించదంటున్నారు. ఏం చేయాలి? (విశాఖపట్నం)

సముద్రపు గాలి | జూన్ 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది ఎంవీపీ కాలనీ. నేను ఓడల మరమ్మతు పనిలో ఫిట్టర్‌ని. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. మూడేళ్లుగా విలువిద్య నేర్చుకుంటోంది. మొదట రికర్వ్ (చక్రాలు లేని విల్లు), ఏడాదిన్నరగా కాంపౌండ్ (చివర్లలో చక్రాలుండే విల్లు). నిరుడు ఏప్రిల్‌లో చీటీ పాడి, ఆ డబ్బుకు మరికొంత కలిపి 1,40,000 రూపాయలకు విదేశీ కంపెనీ విల్లు కొన్నాం. డ్రా వెయిట్ (నారి లాగడానికి కావాల్సిన బలం) 46 పౌండ్లు, డ్రా లెంగ్త్ (నారి లాగే దూరం) 26.5 అంగుళాలు.

నిన్న సాయంత్రం 50 మీటర్ల సాధనలో నాలుగో విడత రెండో బాణం వదిలేసరికి టపాకాయ పేలినంత చప్పుడైంది. నారి క్యామ్ (విల్లు చివరి చక్రం) మీది నుంచి ఊడిపోయింది. కింది కుడి లింబు (విల్లులో వంగే బద్ద) నిలువునా చీలి, వెదురు తడక విచ్చుకున్నట్టు పేలికలు లేచాయి. నేను వెనకే నిలబడి ఉన్నాను. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, ‘బాణం పెట్టావా లేదా?’ ‘పెట్టాను నాన్నా’ అంది. నమ్మలేదు. అందరి ముందూ గట్టిగా కేకలేశాను.

విల్లు అమ్మిన దుకాణానికి ఫోటోలు పంపితే ఈరోజు మధ్యాహ్నం ఒక్క వాక్యంలో జవాబు: ఇది డ్రై ఫైర్ (బాణం లేకుండా నారి వదలడం) లక్షణం, వారంటీ వర్తించదు. వారు విల్లును కళ్లతో చూడనే లేదు. రాష్ట్ర ఎంపికలు నెలన్నరలో ఉన్నాయి. తెలిసినవారు దారి చూపండి.

పాత విలుకాడు | జూన్ 3, రాత్రి 9:58

విల్లు సంగతి తర్వాత. పాప ఎలా ఉంది? కళ్లకు, చేతికి ఏమైనా తగిలిందా? లింబులో గాజు పీచు ఉంటుంది. దాని ముల్లు చర్మంలో దిగితే వెంటనే కనబడదు, రెండు రోజుల తర్వాత చీము పడుతుంది. ముందు అది చూడండి.

సముద్రపు గాలి | జూన్ 3, రాత్రి 10:15

మీరు అడిగినందుకు కృతజ్ఞతలు గురువుగారూ. ఎడమ ముంజేతి మీద కేబుల్ తగిలి చారలా కమిలింది, బాగా వాచింది. డాక్టరు చూశారు, ఎముకకేమీ కాలేదు. అరచేతిలో భూతద్దం పెట్టి చూశాం, ముళ్లు లేవు. నిన్నటి నుంచి నాతో మాట్లాడటం లేదు.

గాజువాక గురి | జూన్ 3, రాత్రి 10:31

ఏది విరిగినా డ్రై ఫైర్ అనేయడం దుకాణాల వారికి అలవాటు అన్నగారూ. రెండేళ్ల క్రితం నాకూ అదే మాట చెప్పారు. ఊరుకోకండి, గట్టిగా అడగండి.

నారిసంధానం | జూన్ 4, ఉదయం 6:20

గట్టిగా అడగడానికి ముందు మన దగ్గర సరైన సమాధానాలు ఉండాలి. నేను 9 ఏళ్లుగా నారులు, కేబుళ్లు కడుతున్నాను. విరిగిన విల్లు ఎవరు తెచ్చినా అడిగే ప్రశ్నలే మిమ్మల్నీ అడుగుతున్నాను.

విల్లును ఎండలో మూసిన కారులో ఎప్పుడైనా ఉంచారా? మే నెలలో బీచ్ రోడ్డులో అద్దాలన్నీ మూసి నిలిపిన కారు లోపలి వేడికి లింబు పొరలను పట్టి ఉంచే జిగురు దెబ్బతింటుంది. బాణం బరువెంత? డ్రా వెయిట్‌లో పౌండుకు 5 గ్రెయిన్లకు తగ్గకూడదు. మీ 46 పౌండ్లకు 230 గ్రెయిన్లు, అంటే దాదాపు 15 గ్రాములు. అంతకంటే తేలికైన బాణం వాడితే సగం డ్రై ఫైర్ చేసినట్టే. నారి ఎప్పుడు మార్చారు, ప్రెస్ (లింబులను వంచి పట్టే యంత్రం) మీద ఎవరు ఎక్కించారు? డ్రా వెయిట్ పెంచుదామని లింబు బోల్టులు ఎవరైనా తిప్పారా?

సముద్రపు గాలి | జూన్ 4, ఉదయం 7:05

మేడం గారూ, మాకు కారు లేదు. స్కూటరు మీద పెట్టెలో తీసుకెళ్తాం, ఇంట్లో గోడ బీరువాలో పెడతాం. ఉప్పు గాలికి యాక్సిళ్లు (చక్రాల ఇరుసులు) తుప్పు పట్టకుండా నెలకోసారి తుడిచి నూనె చుక్క వేస్తాను. బాణం 318 గ్రెయిన్లు. నారి, కేబుళ్లు మార్చి నెలలో విజయవాడలో మార్పించాం, ప్రెస్ మీద వారే ఎక్కించారు. బోల్టులు ఎవరూ ముట్టుకోలేదు, నేను మొదటిరోజు పెన్నుతో పెట్టిన గీత ఇప్పటికీ అక్కడే ఉంది.

పాత విలుకాడు | జూన్ 4, ఉదయం 8:40

ఇంత శ్రద్ధగా చూసుకునే మనిషి విల్లు ఊరికే విరగదు. ఏదో ఒక కారణం ఉంటుంది. డ్రై ఫైర్ అంటే అసలు ఏం జరుగుతుందో కొంచెం వివరంగా రాస్తాను, ఈ పేజీ చదివే కొత్త తల్లిదండ్రులకూ ఉపయోగపడుతుంది.

విల్లు లాగినప్పుడు మన కండల శక్తి లింబుల వంపులో నిల్వ ఉంటుంది. వదిలితే అందులో చాలా భాగాన్ని బాణం తీసుకుని పోతుంది. బాణం లేకపోతే ఆ శక్తికి పోయే దారి లేదు, తిరిగి లింబులనే కొడుతుంది. మామూలు విల్లుకంటే కాంపౌండ్‌కు ఇది మరీ ప్రమాదం. అమెరికాలో మిస్సోరికి చెందిన హాలిస్ విల్బర్ ఆలెన్ 1966లో పేటెంటుకు దరఖాస్తు చేసిన ఈ విల్లులో చక్రాలు కేంద్రం తప్పి తిరుగుతాయి. అందుకే పూర్తిగా లాగాక వేళ్ల మీద బరువు మూడో వంతుకో నాలుగో వంతుకో తగ్గిపోతుంది. పిల్లలకు తేలికగా అనిపిస్తుంది. కానీ లింబుల్లో శక్తి మాత్రం నిండుగానే ఉంటుంది. ఒట్టి నారి వదిలితే లింబు చీలవచ్చు, క్యామ్ వంగవచ్చు, యాక్సిల్ వంగవచ్చు, నారి తెగవచ్చు. ఒక్కోసారి నాలుగూ జరుగుతాయి.

నేను పుట్టింది పాడేరు వైపు. మా తాత వెదురు విల్లు చేసేవాడు. దానికి నారిగా కూడా వెదురు బద్దే. పిల్లలం సరదాకు ఒట్టి నారి లాగి వదిలితే చేతిలోంచి లాక్కునేవాడు. అప్పట్లో అదేదో నమ్మకం అనుకునేవాళ్లం. లెక్క ఒకటే, విల్లు ఏదైనా.

సీతమ్మధార వకీలు | జూన్ 4, మధ్యాహ్నం 1:10

చట్టం సంగతి నేను చెబుతాను. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం మీరు ఉండే ఊళ్లోనే, అంటే విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, ఫిర్యాదు వేయవచ్చు. దుకాణం ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే దాఖలు రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. కారణం తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. దానికి ముందు 1915కు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయండి. చాలా గొడవలు అక్కడే తెమిలిపోతాయి.

అయితే ఒకటి గుర్తుంచుకోండి. వారంటీ అనేది తయారీ లోపానికి మాత్రమే. లోపం ఉందని చూపించాల్సింది మీరే. దుకాణం మాట తప్పని మీకు కోపంగా ఉంటే సరిపోదు. బిల్లు, వారంటీ కాగితం, కొన్నప్పుడు కంపెనీ దగ్గర పేరు నమోదు చేసిన రుజువు, ఫోటోలు, వారి జవాబు, అన్నీ ఒకచోట పెట్టండి. దుకాణానికి ఫోనులో కాదు, ఉత్తరంగా రాయండి. ‘విల్లును చూడకుండా ఈ నిర్ణయానికి ఎలా వచ్చారు? పరిశీలించి రాతపూర్వకంగా కారణం చెప్పండి’ అని అడగండి.

బెజవాడ బాణం | జూన్ 4, సాయంత్రం 5:25

రుజువుల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. దయచేసి విల్లును సరిచేయాలని చూడకండి. నారి తిరిగి ఎక్కించకండి, చీలిన లింబును ప్రెస్‌లో పెట్టకండి, లింబుల మీది స్టిక్కరు పీకకండి. ఊడిపడిన ప్రతి పేలికా ఒక కవరులో వేయండి. తర్వాత పగటి వెలుతురులో ఫోటోలు తీయండి: నాలుగు లింబులూ రెండు వైపులా, క్యామ్‌ల గాడి, నారి సర్వింగ్ (నారి మీద చుట్టిన దారం), రైజరు (చేత్తో పట్టుకునే నడిమి భాగం) మీది క్రమ సంఖ్య. బాగున్నట్టు కనిపించే మూడు లింబుల మీదా అంచుల వెంట దూది ఉండను మెల్లగా జరపండి. ఎక్కడైనా పోగు చిక్కుకుంటే అక్కడ కంటికి కనబడని చీలిక ఉన్నట్టే.

తయారీ లోపమైతే సాధారణంగా ఒక్కచోట మొదలై, పొరలు విడిపోయిన తెల్ల గీతలా కొన్నాళ్లుగా పాకుతూ ఉంటుంది. ఒక్కసారిగా నారి ఊడి, క్యామ్ గాడికి గాట్లు పడితే దుకాణం అనుమానంలో కొంత న్యాయం ఉంది. మీ ఫోటోలో పై క్యామ్ అంచు కొద్దిగా వంగినట్టు నాకు కనబడుతోంది. తప్పుగా అనుకోకండి.

ఇంకొక్కటి. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆ బాణం ఎక్కడ?

సముద్రపు గాలి | జూన్ 4, రాత్రి 8:50

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. విల్లు పట్టుకుని కంగారుగా వచ్చేశాం. ఇప్పుడు అమ్మాయి గది తలుపు తట్టి అడిగాను. లక్ష్యంలో ఒకటి, తూణీరంలో నాలుగు, ఆరోది ఎక్కడో తెలియదంది. డజనులో ఇంట్లో 11 ఉన్నాయి. నిజంగానే ఒకటి తక్కువ. పొద్దున్నే మైదానానికి వెళ్తాను.

సముద్రపు గాలి | జూన్ 5, ఉదయం 7:55

దొరికింది.

వేసే గీత నుంచి నా అడుగుల్లో పద్నాలుగు అడుగుల దూరంలో, ఎడమకు, గడ్డిలో అడ్డంగా పడి ఉంది. నేలలో గుచ్చుకోలేదు. 50 మీటర్లు పోవాల్సిన బాణం తోసినట్టు అక్కడ పడిందంటే నారి దాన్ని సరిగా నెట్టనే లేదు. దాని తోకలో నారికి తగిలించే నాక్‌కు రెండు చెవులుండాలి కదా, ఒకటే ఉంది. రెండోది మొదలంటా విరిగిపోయింది. విరిగిన చోట సగం మెరుస్తోంది, సగం పాలిపోయి మట్టి పట్టి ఉంది. ఇరవై రెండేళ్లుగా విరిగిన ఇనుప బోల్టులు చూస్తున్నవాణ్ని నేను. ఆ మట్టి పట్టిన సగం ఆదివారం నాటిది కాదు. పగులు ముందే ఉంది. ఆదివారం నాడు మిగతా సగం తెగింది.

అమ్మాయి బాణం పెట్టింది. విల్లుకు మాత్రం బాణం అందలేదు.

తిరిగి వచ్చి నాక్ చూపించాను. దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. ‘చెప్పాను కదా నాన్నా’ అని మాత్రం అంది. నేనేం చెప్పాలో తెలియలేదు. క్షమించమని అడిగాను.

పాత విలుకాడు | జూన్ 5, ఉదయం 8:30

అడిగి మంచిపని చేశారు. పాప మాటా నిజమే, దుకాణం మాటా నిజమే. 50 మీటర్ల దగ్గర బాణాలన్నీ ఒకేచోట పడేలా వేసే పిల్లలకు ఒక బాణం వెళ్లి ఇంకో బాణం తోకకు తగలడం మామూలే. అప్పుడే నాక్ పగులుతుంది. అందుకే లక్ష్యం నుంచి బాణాలు పీకిన ప్రతిసారీ ప్రతి నాక్‌నూ రెండు వేళ్ల మధ్య నొక్కి, కొంచెం మెలిపెట్టి చూడాలి. పది క్షణాల పని.

నారిసంధానం | జూన్ 5, ఉదయం 9:15

మిగతా 11 బాణాల నాక్‌లు కూడా చూశారా? ఒక్కటే పగిలితే దెబ్బ తగిలి పగిలిందనుకోవచ్చు. చాలావాటి చెవుల మొదళ్లలో తెల్ల గీతలుంటే కారణం వేరు: నారి లావు ఎక్కువై నాక్ బిగుతుగా పడుతోంది, ఎక్కించిన ప్రతిసారీ చెవులు విచ్చుకుంటున్నాయి. బాణం నారికి తగిలించి కిందికి వేలాడదీయండి. వేలితో నారిని మెల్లగా తట్టితే ఊడి పడాలి. గట్టిగా గుంజితే గానీ రాకపోతే బిగుతే.

మార్చి తర్వాత నడుమ సర్వింగ్ దారం ఎవరైనా మార్చారా?

సీతమ్మధార వకీలు | జూన్ 6, ఉదయం 10:05

సముద్రపు గాలి గారూ, దుకాణానికి ఉత్తరం పంపారా? ఇంకా పంపకపోతే ఈ కొత్త సంగతి తేలేవరకూ ఆగండి.

సముద్రపు గాలి | జూన్ 7, రాత్రి 10:40

రెండు రోజులుగా ఇక్కడ రాయలేదు. రాయడానికి మనసు రాలేదు.

మేడం గారి ప్రశ్న చదవగానే నాకు జవాబు తెలిసిపోయింది. ఏప్రిల్ చివర్లో నడుమ సర్వింగ్ వదులైంది. విజయవాడ వెళ్లడానికి సెలవు దొరకలేదు. తాళ్లు, వైర్లు చుట్టడం నా రోజువారీ పని కదా అని ఇంట్లోనే నేను చుట్టాను. పాతది 0.018 అంగుళాల దారం. నా దగ్గర దొరికింది 0.021. వెంట్రుక మందం తేడా, ఏమవుతుందిలే అనుకున్నాను. చాలా అందంగా, బిగుతుగా వచ్చింది. అమ్మాయి మొదటిరోజే ‘బాణం టక్కుమని గట్టిగా పడుతోంది నాన్నా’ అంది. కొత్తది కదా, సర్దుకుంటుందన్నాను.

నిన్న వెర్నియర్ తెచ్చి కొలిచాను. మార్చిలో తీసేసిన పాత నారి సంచిలోనే ఉంది, దాని నడుమ 2.45 మిల్లీమీటర్లు. నేను చుట్టినచోట 2.60. దారం రెండు వైపులా వస్తుంది కాబట్టి తేడా రెట్టింపు. వేలాడదీసిన బాణాన్ని ఎంత తట్టినా ఊడలేదు. 11 నాక్‌లలో 5 చెవుల మొదళ్లు తెల్లబడ్డాయి. భూతద్దంలో చూస్తే రెండింటికి సన్నని గీత అడ్డంగా సగం దాకా పాకింది. ఆదివారం కాకపోతే మరో రోజు జరిగేది.

షాఫ్టులో పదోవంతు మిల్లీమీటరు తేడా వస్తే కుర్రాళ్లను మందలించే మనిషిని నేను. మా అమ్మాయి చేతిలో పెట్టే వస్తువును కొలవకుండా చుట్టాను.

గాజువాక గురి | జూన్ 7, రాత్రి 11:02

అన్నగారూ, బాధపడకండి. కానీ ఈ సంగతి దుకాణానికి ఎందుకు చెప్పాలి? సర్వింగ్ విప్పేయండి, ఆ బాణం పారేయండి. లింబులో లోపమే అని పట్టుబట్టండి. 1,40,000 చిన్న డబ్బు కాదు. కంపెనీకి ఒక జత లింబులు లెక్కలోకి రావు.

నారిసంధానం | జూన్ 8, ఉదయం 5:50

తమ్ముడూ, నువ్వు అభిమానంతో అన్నావని తెలుసు, అయినా ఒప్పుకోను. ఈ రాష్ట్రంలో కాంపౌండ్ పిల్లలు ఎంతమంది, విల్లులు తెప్పించే దుకాణాలు ఎన్ని? అబద్ధపు ఫిర్యాదులు నాలుగు వెళ్తే, ఐదో మనిషికి నిజంగా లోపమున్న లింబు వచ్చినప్పుడు చూడకుండానే కాదంటారు. మొన్న వీరికి వచ్చిన ఒక్క వాక్యం జవాబు అలా పుట్టిందే. పైగా ఆ అమ్మాయి అన్నీ చూస్తోంది. తను నిజం చెబితే నమ్మని ఇంట్లో, తన కోసం అబద్ధం చెప్పారని తెలిస్తే ఎలా ఉంటుంది?

సీతమ్మధార వకీలు | జూన్ 8, ఉదయం 9:30

నా మొదటి సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. ఇప్పుడు తయారీ లోపం కేసు నిలవదు, వేయకూడదు కూడా. కానీ దుకాణంతో మాట్లాడే దారి మూసుకుపోలేదు. వారంటీ కింద కాకుండా విడిభాగాలు ధరకు ఇమ్మని అడగండి. నిజం చెప్పి అడిగినవారికి తోడ్పడిన వ్యాపారులను నా వృత్తిలో చాలామందిని చూశాను.

సముద్రపు గాలి | జూన్ 8, మధ్యాహ్నం 2:15

గురి తమ్ముడూ, నీ మీద కోపం లేదు. శుక్రవారం రాత్రి అదే ఆలోచన నాకూ ఒక నిమిషం వచ్చింది. కానీ అప్పటికే అమ్మాయికి అంతా చెప్పేశాను. వెర్నియర్ తన చేతికిచ్చి తననే కొలవమన్నాను. రెండుసార్లు కొలిచింది. ‘అయితే నా వదలడంలో తప్పు లేదా?’ అని అడిగింది. ఐదు రోజులుగా రిలీజ్ (నారి వదిలే మీట) ముందే నొక్కేశానేమో, చెయ్యి వణికిందేమో అని లోలోపల నలిగిపోయిందట. అది విన్నాక నాకింకేమీ అక్కర్లేదనిపించింది.

దుకాణానికి ఈ ఉదయం రాశాను. కొలతలు, నాక్ ఫోటో, సర్వింగ్ నేనే చుట్టానన్న మాట, అన్నీ రాశాను. భాగాలు ధరకు ఇవ్వగలరా అని అడిగాను.

పదో వలయం | జూన్ 8, సాయంత్రం 6:40

మొదటి నుంచీ చదువుతున్నాను. మాది అక్కయ్యపాలెం, మా అబ్బాయి కూడా కాంపౌండే. మా కేసు మీకు పూర్తిగా విరుద్ధం, అందుకే రాస్తున్నాను. మాది నిజంగా తయారీ లోపమే. లింబు రైజరులో కూర్చునే చోట నుంచి పొర విడుతూ వచ్చింది. నారి ఊడలేదు, క్యామ్‌కు గీత పడలేదు. మూడు వారాలపాటు ప్రతి ఆదివారం పక్కన స్కేలు పెట్టి ఫోటో తీశాను. ఆ మూడు ఫోటోలు చూసి కంపెనీ మారుమాట లేకుండా ఒప్పుకుంది.

తెలియక రెండు చోట్ల ఇబ్బంది పడ్డాం. ఒకటి, మేం అడిగింది ఒక్క లింబు, వారు పంపింది మొత్తం జత. గట్టితనం చూసి జతలుగా కలుపుతారట. ఒకటి కొత్తది, ఒకటి పాతది వేస్తే రెండు క్యామ్‌లూ ఒకేసారి తిరగవు. రెండు, కంపెనీ ఉచితంగా పంపినా కస్టమ్స్ వారు వస్తువు విలువ కట్టి సుంకం వేశారు. బిల్లులో ‘ఉచితం’ అని రాసి ఉన్నంత మాత్రాన సుంకం పోదు. ఆ డబ్బు ఎవరు కట్టాలో దుకాణంతో ముందే తేల్చుకోండి.

బెజవాడ బాణం | జూన్ 8, రాత్రి 8:10

ఎంపికల సంగతి నాకు గుర్తుంది. భాగాలు రావడానికి ఎలా చూసినా నాలుగైదు వారాలు. నా దగ్గర పాత విల్లు ఒకటి ఖాళీగా ఉంది, 40 నుంచి 50 పౌండ్లు. 26.5 అంగుళాల మాడ్యూల్ (డ్రా లెంగ్త్ సరిచేసే ముక్క) కూడా ఉంది, అది వేసి పంపుతాను. డ్రా లెంగ్త్ సరిపోని విల్లుతో సాధన చేస్తే భుజం పాడవుతుంది, అందుకే అడక్కుండా ఎవరి విల్లూ తీసుకోవద్దు. మంగళవారం మా బావమరిది రత్నాచల్‌లో విశాఖ వస్తున్నాడు, స్టేషనుకు వచ్చి తీసుకోండి. డబ్బు మాట ఎత్తకండి. నేను నేర్చుకునే రోజుల్లో నా మొదటి కాంపౌండ్ కూడా ఇంకొకరిదే.

కాంపౌండ్ విలువిద్యలో పేరున్న జ్యోతి సురేఖ మా విజయవాడ అమ్మాయే. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 2023 అక్టోబరులో మూడు స్వర్ణాలు గెలిచిన రోజుల్లో మా మైదానంలో పిల్లలు చీకటి పడినా ఇళ్లకు వెళ్లలేదు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిశ్రమ జట్టు విభాగం పెడుతున్నారు. ఇలాంటి సమయంలో ఒక అమ్మాయి విల్లు లేక ఇంట్లో కూర్చోకూడదు.

సముద్రపు గాలి | జూన్ 8, రాత్రి 8:32

మీ పేరు కూడా తెలియదు నాకు. ఏమని కృతజ్ఞత చెప్పను?

సముద్రపు గాలి | జూన్ 14, రాత్రి 9:20

దుకాణం నుంచి జవాబు వచ్చింది, ఈసారి ఒక పేజీ. విల్లును చూడకుండా ఒక్క మాటలో కొట్టిపారేయడం పొరపాటేనని యజమాని రాశారు. వారంటీ వర్తించదు, అది మారదు. కానీ లింబుల జత, పై క్యామ్, రెండు యాక్సిళ్లు తమ లాభం వేసుకోకుండా తెప్పిస్తామన్నారు. సుంకంతో కలిపి 41,000. రైజరుకు ఏమీ కాలేదని పంపిన ఫోటోలు చూసి కంపెనీ చెప్పిందట. అయినా దాన్ని కూడా పంపమన్నారు, బోల్టు రంధ్రాల చుట్టూ పగుళ్లు వెతకాలి. రేపు పంపుతున్నాను.

యాక్సిళ్ల మీద నాకూ అనుమానం ఉండేది. తీసి అద్దపు పలక మీద దొర్లించాను. కిందిది నున్నగా దొర్లింది. పైది ప్రతి చుట్టుకూ ఒకచోట తటపటాయించింది. కంటికి నిటారుగానే కనిపిస్తోంది.

అప్పు విల్లుతో అమ్మాయి మంగళవారం నుంచి 30 మీటర్ల దగ్గర వేస్తోంది. మొదటి రెండు రోజులు ప్రతి బాణానికీ కళ్లు మూసుకుంది. చప్పుడు గుర్తొస్తోందంది. గురువుగారూ, దీనికేం చేయాలి?

పాత విలుకాడు | జూన్ 15, ఉదయం 6:10

లక్ష్యం తీసేయండి. మూడు మీటర్ల దూరంలో ఒట్టి దిమ్మ పెట్టి, గురి చూడకుండా వేయమనండి, రోజుకు అరవై బాణాలు. లెక్కలుండవు, వలయాలుండవు. చెవులకు ఆ విల్లు మామూలు చప్పుడు మళ్లీ అలవాటు కావాలి. వారం పడుతుంది, కంగారు పెట్టకండి.

నారిసంధానం | జూన్ 15, ఉదయం 7:00

0.018 దారం రీలు ఒకటి మీకు పంపుతున్నాను. కొత్త నారి కూడా నేనే కడతాను, పాత నారి పొడవు కొలిచి చెప్పండి. ఈసారి సర్వింగ్ చుట్టేది మీరు కాదు, అమ్మాయి. వీడియోలో నేను చూస్తూ నేర్పిస్తాను.

సముద్రపు గాలి | జూలై 11, రాత్రి 9:05

భాగాలు సోమవారం వచ్చాయి. రైజరు బాగానే ఉందని దుకాణం వారే అన్నీ ప్రెస్ మీద బిగించి పంపారు. క్యామ్‌లు రెండూ ఒకేసారి ఆగుతున్నాయి. త్రాసు పెట్టి చూస్తే సరిగ్గా 46 పౌండ్లు. కొత్త నాక్‌లు 12కు 12 మార్చాం. ఈ సాయంత్రం 50 మీటర్ల దగ్గర మొదటి బాణం వేసేటప్పుడు నేను కావాలనే గట్టు మీద దూరంగా కూర్చున్నాను. ఇంకేమైనా రాయాలంటే తననే రాయమన్నాను.

సముద్రపు గాలి | జూలై 11, రాత్రి 9:30

నమస్కారం, నేను అమ్మాయిని. నాన్న ఫోను నుంచి రాస్తున్నాను. ఈరోజు 36 బాణాలు వేశాను, 331 వచ్చింది. ఇదివరకటి కంటే తక్కువే, కానీ చివరి రెండు విడతల్లో కళ్లు మూసుకోలేదు. బెజవాడ అన్నయ్యా, మీ విల్లు తుడిచి పెట్టెలో పెట్టాను, ఎంపికలకు వచ్చినప్పుడు నేనే తెచ్చి ఇస్తాను. అక్కా, నేను చుట్టిన సర్వింగ్ మూడు చోట్ల కొలిచాను: 2.45, 2.45, 2.46. ఆ 2.46 ఉన్నచోట విప్పి మళ్లీ చుట్టాలా, లేక అలాగే ఉంచవచ్చా?

నారిసంధానం | జూలై 11, రాత్రి 9:41

ఉంచవచ్చు తల్లీ. బాణం వేలాడదీసి తట్టి చూశావా?

సముద్రపు గాలి | జూలై 11, రాత్రి 9:44

చూశాను అక్కా. పన్నెండూ ఊడి పడ్డాయి.